ముప్పై అయిదు వాట్లు

ఢిల్లీబాబు మోటారుసైకిలు హెడ్‌లైటు విప్పగానే ఉషారాణికి కనిపించింది: ఇరవై రోజుల కిందట తన చేత్తో వేసిన వైరింగు బొగ్గయిపోయి, పెట్రోలు ట్యాంకుకి జానెడు దూరంలో ఇంకా సన్నగా పొగ వదులుతోంది.

చటుక్కున సీటు లేపి బ్యాటరీ తీగ లాగేసింది. పొగ ఆగింది. వాసన ఆగలేదు. ప్లాస్టిక్ కాలిన వాసన ఆమెకి రోజూ అలవాటే. ఇందులో దానితో పాటు ఇంకేదో ఉంది. గొంతు గరగరలాడించే ఘాటు.

"ఏటక్కా ఇది?" అన్నాడు ఢిల్లీబాబు. రైల్వే గేటు నుంచి కాశీబుగ్గలోని ఈ షాపు దాకా బండి తోసుకొచ్చాడేమో, చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. "ఎనకాల మా నాన్న కూకున్నాడు. లైటులోంచి పొగ. గబుక్కున దిగీ ఓపిక ఆయనకేదీ? ఎలాగో దించి ఆటోలో ఆస్పత్రికి అంపినాను. నాను దించీలోగా బండి అంటుకుంటే ఏటైపోదుము? నువ్వే సెప్పు."



ఢిల్లీబాబు ఊరు మందస మండలంలో, జీడితోటల నడుమ. జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే తండ్రి గున్నయ్యకి రెండు కిడ్నీలూ పోయి, పని మానేసి మూడేళ్లయింది. మంగళ, గురు, శనివారాల్లో పలాసలో డయాలసిస్. ఆరింటికి మొదటి వంతు, అంటే నాలుగున్నరకే బయల్దేరాలి. వంతు తప్పితే మళ్లీ మంచం ఎప్పుడు దొరుకుతుందో ఎవరూ చెప్పలేరు. తండ్రిని మంచం మీదికి చేర్చి, ఢిల్లీబాబు జీడిపప్పు ఫ్యాక్టరీలో లారీ లోడింగుకి వెళ్తాడు. పదింటికి మంచం దిగిన గున్నయ్య, బయట టీ బడ్డీ దగ్గర మధ్యాహ్నం దాకా కొడుకు కోసం కూర్చుంటాడు. మూడేళ్లుగా ఆ ఇద్దరి బతుకూ ఆ చీకటి రోడ్డు మీద, ఆ ఒక్క లైటు మీద నడుస్తోంది.

ఆ లైటు గుడ్డిదైపోయిందనే ఇరవై రోజుల కిందట తండ్రీకొడుకులు ఈ షాపుకి వచ్చారు.

"అక్కా, పట్టపగల్లాగుండే బల్బు ఒకటి ఏసీయి" అన్నాడు ఢిల్లీబాబు ఆ రోజున.

"బల్బుది కాదురా తప్పు" అంది ఉషారాణి. "బ్యాటరీ కాడ పన్నెండు వోల్టులుంటే, ఈ సన్న తీగల్లో, తుప్పట్టిన స్విచ్చిలో తిరిగొచ్చీసరికి బల్బు కాడ పదే మిగుల్తన్నాయి. సగం ఎలుతురు దార్లోనే తాగీత్తంది. తీగ మారుత్తాను, అద్దం మారుత్తాను. బల్బు మాత్రం కంపెనీ చెప్పిన ముప్పై అయిదు వాట్లే. నూరు వాట్లేసి రోడ్డెక్కితే చట్టం ఒప్పదు. చట్టం దాకా ఎందుకు, ఎదరోడి కళ్లు బైర్లు కమ్మితే ఆడొచ్చి గుద్దీది నిన్నే."

చెప్పినట్టే చేసింది. బ్యాటరీ నుంచి బల్బుకి తిన్నగా లావు తీగ వేసింది. మధ్యలో రిలే పెట్టింది. స్విచ్చి దానికి సైగ చేస్తే చాలు, కరెంటు మోసే పని దానిది. ఏ తేడా వచ్చినా ముందు తాను కాలిపోయి తీగని కాపాడటానికి ఏడున్నర ఆంపియర్ల ఫ్యూజు పెట్టింది. ప్రతి అతుకునీ టంకం పెట్టి, పైన పసుపు రంగు గొట్టం తొడిగింది. పసుపు గొట్టం ఆమె సంతకం లాంటిది. పలాసలో ఇంకెవరూ వాడరు.

సాయంత్రం చీకటి పడుతుండగా ఎదురుగా ఉన్న గోడౌన్ గోడకి పది మీటర్ల దూరంలో బండి నిలబెట్టింది. లైటు ఎత్తున గోడ మీద సుద్దగీత గీసింది. డిమ్ చేసినప్పుడు కాంతి అంచు ఆ గీతకి బెత్తెడు కిందే ఆగాలి. అప్పుడు రోడ్డు కనిపిస్తుంది, ఎదుటివాడి కళ్లలో పడదు. ఢిల్లీబాబు ముందు కూర్చున్నాడు. వెనక గున్నయ్యని కూడా ఎక్కించింది.

"నన్ను తూకం రాయి సేసీసినావేటే అమ్మీ?" అన్నాడు గున్నయ్య.

"నువ్వు కూకుంటే ఎనక దిగుద్ది మావా. ఎనక దిగితే ఎదర లెగుద్ది. నువ్వు లేకుండా కొలిస్తే కొలతే కాదు."

"మరైతే డయాలసిస్‌కి ముందు కొలుత్తావా, ఎనక కొలుత్తావా? మంచమెక్కీముందు నా కాడ రెండు కేజీల నీరు ఎక్కువుంటాది."

"నువ్వు నీళ్లు తక్కువ తాగు మావా. ఎలుతురు సంగతి నాను సూసుకుంటాను."

రోడ్డు మీదున్న వాళ్లంతా నవ్వారు. ఆ లైటు సంగతి డయాలసిస్ దగ్గర నోటా నోటా పాకింది. చీకట్లో ఊళ్ల నుంచి వచ్చే ఇరవై రెండు కుటుంబాల బళ్లకి ఇలాగే లైట్లు సరిచేయాలని అనుకున్నారు. ఆ పని ఉషారాణికి ఇచ్చారు. ట్రాఫిక్ ఎస్సై వాణి ఒప్పుకుని, వచ్చే ఆదివారం ఆస్పత్రి ఆవరణలోనే క్యాంపు పెట్టించింది. నాన్న తారకేశ్వరరావు పోయాక ఈ షాపు షట్టరు ఉషారాణి ఎత్తిన రోజున 'ఆడమనిషి వైరింగా?' అని నవ్విన బజారు ఇది. పదేళ్ల కష్టానికి ఆదివారం జవాబు దొరుకుతుందనుకుంది.

ఈ రోజు గురువారం. ఆదివారానికి ఇంకా మూడు రోజులుంది. ఎదురుగా బొగ్గయిన తీగలున్నాయి.

"సూడండ్రా, సూడండి! పసుపు గొట్టం వైరింగు!" అని వెనక నుంచి గొంతు వినబడింది. రోడ్డుకి అవతల రంగురంగుల లైట్లమ్మే పోలారావు. అప్పటికే ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నాడు. "పలాస మెకానిక్కులందరికీ నీతులు సెప్పిన ఉషారాణి గారి బండి. పొగొత్తంది. పెట్రోలు ట్యాంకు పక్కనే!"

"ఆపు మావా. ఇంకా నానే పూర్తిగా సూడలేదు."

"నువ్వు సూసీదేటి? కాలిన తీగ ఊరందరికీ కానొత్తంది."

పది నిమిషాల్లో ఆ వీడియో ఊళ్లోని ఫోన్లన్నిటికీ చేరింది.

 ఉషారాణి టార్చి నోట పెట్టుకుని లోపలికి చూసింది. ఒక్కొక్కటే కంటపడసాగింది. బల్బు బిగించడానికి తాను పెట్టిన హోల్డరు లేదు. ఏదో పాత హోల్డరు ఉంది. దాని తీగల్ని తన తీగలకి చేత్తో మెలిపెట్టి కలిపారు. టంకం లేదు, పసుపు గొట్టం లేదు. ఆ మెలిక చుట్టూ సగం కాలిన గుడ్డ పీలిక, నల్లగా, జిగటగా. బల్బు బయటికి లాగి దాని మెడ మీది అంకెలు చదివింది.

నూరు వాట్లు.

"ఇది నాను పెట్టింది కాదు" అంది.

"దొరికిపోయినోలందరూ అదే మాట సెప్తారు" అన్నాడు పోలారావు.

ఢిల్లీబాబు ముఖం ఇంకా నల్లబడింది. "అక్కా, ఈ బండికి నువ్వు తప్ప ఇంకెవుడూ సెయ్యెట్టలేదు. ఆదివారం నుంచి లైటు దగదగా ఎలుగుతుంటే నీ పని గొప్పనుకున్నాను. మా నాన్న కూడా అదే అన్నాడు. కొత్త తీగ నలగాల్రా, నలిగితే ఎలుతురు పెరుగుద్ది అని."

తీగ నలిగితే వెలుతురు పెరగడమా? మరో రోజయితే ఉషారాణి పకపకా నవ్వేది. ఇప్పుడు ఆ మాట చెవిలో ఒక మూల పడి ఉండిపోయింది.

తొమ్మిదింటికి ఎస్సై వాణి జీపు షాపు ముందు ఆగింది. ఆమె కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"వీడియో చూశాను ఉషారాణి గారూ. అదొక్కటే అయితే నేను వచ్చేదాన్ని కాదు. మంగళవారం తెల్లవారుజామున మందస రోడ్డులో ఒక కొబ్బరికాయల వ్యాపారి బండితో సహా కాలవలో పడ్డాడు. ఎదురొచ్చిన మోటారుసైకిలు లైటుకి కళ్లు కనిపించలేదన్నాడు. మోచెయ్యి విరిగింది. ఆ బండి మీద ఇద్దరున్నారట, వెనకాయన ముసలాయన." ఆమె చూపు బల్బు మీదికి, అక్కణ్నుంచి ఢిల్లీబాబు మీదికి వెళ్లింది.

ఢిల్లీబాబు తెల్లబోయాడు. "కాలవలో పడ్డాడా? నాను సూడలేదు మేడమ్. మా అమ్మ మీద ఒట్టు."

"మూడింటికి క్యాంపు ఏర్పాట్లు చూడటానికి డయాలసిస్ దగ్గరికి వస్తాను" అంది వాణి. "ఈ బల్బు ఎవరు పెట్టారో అప్పటికి నాకు తెలియాలి. తెలియకపోతే ఆదివారం క్యాంపు లేదు. ఇరవై రెండు బళ్లని అనుమానం ఉన్న చేతికి అప్పగించలేను. అర్థం చేసుకోండి."

జీపు వెళ్లిపోయింది. మూడింటికి ఇంకా ఆరు గంటలుంది.

ఉషారాణి బండి పక్క మూత విప్పింది. నూరు వాట్లు లాగితే ఏడున్నర ఆంపియర్ల ఫ్యూజు కాలి తీరాలి. లైటు ఆరిపోవాలి. అందుకే కదా దాన్ని పెట్టింది. ఆరకుండా నాలుగు రోజులు ఎలా వెలిగింది?

ఫ్యూజు బయటికి తీసింది. దాని చుట్టూ వెండి కాగితం చుట్టి ఉంది.

ఇంకేముంది? కరెంటంతా ఆ కాగితం మీదుగా పోతోంది, ఫ్యూజు కాలేదే లేదు. కాపలావాడి చేతులు కట్టేసి దొంగని లోపలికి పంపినట్టే. ఆ కాగితాన్ని గోటితో మెల్లగా విప్పి, మోకాలి మీద చదును చేసింది. మాత్రల అట్ట వెనక ఉండే రేకు అది. ఒక ఎర్ర గీత, ఏదో మందు పేరులో మూడు అక్షరాలు. బ్లేడుతో తిన్నగా కోసిన అంచు. చేసినవాడు తొందరపడలేదు. ఓపిగ్గా, శ్రద్ధగా చేశాడు. రేకుని చొక్కా జేబులో పెట్టుకుంది.

అప్పుడే వేళ్లు మండటం మొదలైంది. ముందు చురచుర, తర్వాత భగభగ. ఆ నల్లటి జిగట అంటిన మూడు వేళ్లూ ఎర్రబడ్డాయి. సబ్బుతో కడిగితే మంట రెట్టింపయింది.

షాపు వెనకే ఇల్లు. తల్లి రత్నాలమ్మ గడపలో కూర్చుని, వేళ్లకి బూడిద రాసుకుని జీడిపిక్కలు కొడుతోంది. కూతురి చెయ్యి చూడగానే సుత్తి పక్కన పెట్టింది.

"ఓలమ్మ! పిక్క నూనె ముట్టీసినావేటే? కడిగినావా? కడక్కూడదే! నలబై ఏళ్లు దాన్తో బతికినాను, నీకింకా తెల్లేదా?" అంటూ కొబ్బరినూనె సీసా అందుకుంది.

పిక్క నూనె! జీడిపిక్క తొక్కలోంచి కారే నల్లటి నూనె. ఒంటికి తగిలితే బొబ్బలెక్కిస్తుంది. నిప్పు తగిలితే మండుతుంది. పొద్దుటి ఘాటు అదే. పలాసలో పుట్టి ఆ వాసన పోల్చుకోలేకపోయినందుకు ఉషారాణికి తన మీద తనకే కోపం వచ్చింది.

"అమ్మా, కరెంటు తీగకి పిక్క నూనె ఎవుడు రాత్తాడు?"

"రాయరు. గుడ్డ తడిపి సుడతారు" అంది రత్నాలమ్మ, వేళ్లకి నూనె పట్టిస్తూ. "పిక్కలుడకబెట్టీ బాయిలర్ల కాడ ఎప్పుడూ ఆవిరే కదా. మోటారు అతుకులు తడిసిపోతాయని బాయిలరోళ్లు ఆ గుడ్డ సుట్టీవోలు. పడవలోలు పడవకి పుయ్యరా, అలగ. సెమ్మ దూరదని నమ్మకం. ఇప్పుడెవుడు సేత్తన్నాడు? పాతోలకే ఆ బుద్ధి."

"పాత బాయిలరోళ్లు పలాసలో ఎంతమందుంటారు?"

"ఇప్పట్నించి లెక్కెట్టు, పొద్దుగూకిపోద్ది."

బాయిలరు గదిలో ఆ అలవాటు పనికొచ్చిందేమో. మోటారుసైకిలు లైటులో, నూరు వాట్ల వేడి పక్కన, అది దీపంలో వత్తి లాంటిది. చేసినవాడికి ఆ తేడా తెలియదు. ఉషారాణికి ఒకటి మాత్రం అర్థమైంది. ఇది పగతో చేసింది కాదు. వచ్చినంతలో చక్కగా చేద్దామని చేసిన పని.

తిన్నగా రోడ్డు దాటి పోలారావు షాపులోకి నడిచింది. బల్బు గల్లా మీద పెట్టింది.

"ఇది నీ షాపుదే మావా. ఈ రకం పలాసలో నువ్వొక్కడివే తెత్తావు."

"నాదే. అమ్మినాను. అయితే?"

"ఎవుడికి?"

"ఓసోసి! రోజుకి పది మందికి అమ్ముతాను. మొకాలు గుర్తెట్టుకోడానికి నానేటి పెళ్లిళ్ల పేరయ్యనా?" అని, ఆమె నూనె పూసిన వేళ్లు చూసి కొంచెం తగ్గాడు. "కాలిందేటి?"

"పిక్క నూనె. నీ వేళ్లు సూపించు."

పోలారావు రెండు చేతులూ చాచాడు. శుభ్రంగా, సెంటు వాసనతో ఉన్నాయి.  ఏదో గుర్తొచ్చినట్టు బుర్ర గోక్కున్నాడు.

"ఒకడు గుర్తున్నాడు. శనివారం పదిన్నరకి వచ్చినాడు. తువ్వాలు సుట్టుకున్న పెద్దాయన. అడుగులో అడుగేసుకుంటూ. 'బాబూ, ఎలుగుబంటి అల్లంత దూరాన్నించే పారిపోవాల, అలాటి బల్బు ఇయ్యి' అన్నాడు. ఎలుగుబంటికి లైటేటి తాతా, పెళ్లికెల్తందా అన్నాను. నవ్వలేదు. ఎలిగించి సూపించమన్నాడు, సూపించినాను. సొంత బిడ్డని తీసుకెల్లినట్టు రొమ్ముకి అంటించుకుని తీసుకెల్నాడు."

శనివారం. పదిన్నర. పదింటికి మంచం దిగి, మధ్యాహ్నం దాకా టీ బడ్డీ దగ్గర కూర్చునే పెద్దాయన.

'కొత్త తీగ నలగాల్రా, నలిగితే ఎలుతురు పెరుగుద్ది.'

షాపు దిగి రోడ్డు దాటుతున్న ఉషారాణి మధ్యలోనే ఆగిపోయింది. ఆటోవాడు హారన్ కొట్టి తిట్టుకుంటూ పక్క నుంచి పోయాడు.

రెండున్నరకి ఆమె డయాలసిస్ గదిలో ఉంది. వంతు తప్పిన గున్నయ్యకి పదకొండింటికి మంచం దొరికింది. ఎడమ చేతికి గొట్టాలు, పక్కన గిరగిర తిరుగుతున్న యంత్రం. కుడి చెయ్యి దుప్పటి కింద ఉంది.

"ఎలగున్నావు మావా?"

"ఉన్నానమ్మీ" అన్నాడు. కళ్లెత్తలేదు.

మంచం పక్క బల్ల మీద మందుల సంచి. పైన మాత్రల అట్ట. ఒక మూల రేకు లేదు. బ్లేడుతో తిన్నగా కోసినట్టుంది. పక్కనే ఎర్ర గీత. ఉషారాణి జేబులోని ముక్కని బయటికి తీయనక్కర్లేదు. ఆ మూడు అక్షరాలకి ముందుండాల్సిన అక్షరాలు అట్ట మీద ఉన్నాయి.

"నీళ్లు కావాలా మావా?"

"రెండు గుటకలు."

గ్లాసు అందించింది. అందుకోవాలంటే కుడి చెయ్యి బయటికి తీయక తప్పదు. తీశాడు. బొటనవేలికీ చూపుడువేలికీ బొబ్బలు లేచి, చిట్లి, నల్లగా చెక్కు కట్టాయి. నాలుగైదు రోజుల పుండు. జీడి ఫ్యాక్టరీలో ఆయన చేసింది బాయిలరు పనే, కానీ అది మానేసి మూడేళ్లయింది.

గున్నయ్య ఆమె చూపుని చూశాడు. ఆమె నూనె పూసిన వేళ్లనీ చూశాడు.  రెండు గుటకలు తాగి గ్లాసు తిరిగిచ్చాడు.

ఇంతలో ఢిల్లీబాబు వచ్చాడు. తండ్రి మంచం చివర కూర్చుని, జారిన దుప్పటిని పాదాల మీదికి సర్దాడు. "తిన్నావా నాన్నా? ఆ బండి సంగతి వొగ్గీ. నాను ఇంకో మెకానిక్కుని సూత్తాను. నిన్నింక అలాటి బండెక్కించను. ఎవుడు సేసినాడో తెలిత్తే మాత్రం ఆడి సేతులు ఇరిసీత్తాను" అన్నాడు. ఉషారాణి వైపు చూడనే లేదు.

ఆమె చొక్కా జేబు మీద చెయ్యి వేసుకుంది. లోపల రేకు ముక్క. అది బల్ల మీద పెట్టి, అట్ట పక్కన జతచేస్తే చాలు. పేరు నిలబడుతుంది, క్యాంపు నిలబడుతుంది, పోలారావు నోరు మూతపడుతుంది. కానీ ఈ గదిలో పది మంచాలున్నాయి. పది మంది వింటారు. వారానికి మూడుసార్లు, బతికున్నన్నాళ్లూ, గున్నయ్య వీళ్ల మధ్యే పడుకోవాలి. తనని మూడేళ్లుగా వీపున మోస్తున్న కొడుకు ముందు తల ఎత్తుకోవాలి.

సరిగ్గా మూడింటికి ఎస్సై వాణి గుమ్మంలో నిలబడింది.

"తెలిసిందా ఉషారాణి గారూ?"

పక్క మంచాల వాళ్లు ఇటు తిరిగారు. 

"వైరింగులో తప్పు నాది కాదు మేడమ్" అంది ఉషారాణి. "ఎవరో నా వెనక బల్బు మార్చారు. ఎవరో మాత్రం నేను చెప్పలేను."

"తెలియదా? చెప్పరా?"

"చెప్పలేను."

 "అయితే నేనూ ఏమీ చెయ్యలేను. క్యాంపు ఆపేస్తున్నాను. మీ మీద ఫిర్యాదు కూడా రాసుకోవాలి" అంది వాణి.

"రాసుకోండి మేడమ్."

వాణి ఫోను తీసింది. సరిగ్గా అప్పుడే మంచం మీద నుంచి బొబ్బలెక్కిన చెయ్యి పైకి లేచింది.

"రాయకమ్మా. ఆ అమ్మీ పేరు రాయకు. గున్నయ్య అని రాయి.

నానే సేసినాను. నా కొడుక్కి తెల్దు, ఆణ్ని ఏటీ అనకండి. ముందటి గురువారం ఏమైందంటే, తోట మలుపు కాడ ఎలుగుబంటి అడ్డొచ్చింది. జీడిపళ్లకి దిగింది. ఈడు బండాపీసినాడు. ఈడి ఈపు నా రొమ్ముకి ఆనుకునుంది కదా, గుండెలు కొట్టుకుంటం నాకు తెలిసిపోనాది. మూడేళ్ల బట్టీ నన్ను మోత్తన్నాడు, ఒక్కనాడు బయమన్లేదు. ఆ రోజు బయపడినాడు. అది ఎల్లిపోయినాక 'కుక్కే నాన్నా' అన్నాడు. నాకు కళ్లు లేవేటి? ఎలుగుబంటికీ కుక్కకీ తేడా తెల్దేటి?

అందుకే పెద్ద బల్బు కొన్నాను. ఆదివారం ఈడు తోటకెల్లినప్పుడు ఏసీసినాను. ఫ్యూజు పోయింది. ఇంకోటి ఏసినాను, అదీ పోయింది. మాత్రల రేకు సుట్టీసినాను. ఓల్డరు కరిగిపోనాది. ఇంట్లో పాతదుంటే అతికినాను. బాయిలరు కాడ ముప్పై ఏళ్లు అలగే అతికినాను. పిక్క నూనె గుడ్డ సుడితే ఒక్క తీగకీ సెమ్మ తగల్లేదు. ఈ అమ్మీ అతుకు కంటే నా అతుకే గట్టిదనుకున్నాను. మూడేళ్లయింది నా సేత్తో ఒక పని సేసి. ఆ బల్బెలిగినప్పుడు నానింకా ఉన్నానురా అనిపించింది.

తీగ కాలింది, అది కాదమ్మా నా తప్పు. మంగళారం ఆ కొబ్బరికాయలాయన ఎదురొచ్చినాడు. లైటుకి సెయ్యడ్డెట్టుకున్నాడు. దాటీసినాక నాను ఎనక్కి తిరిగి సూసినాను. కాలవలోకి ఎల్లిపోనాడు. ఈడు ఎదర సూత్తన్నాడు, ఈడికి తెల్దు. 'బండాపరా' అని నాను అన్లేదు. ఆపితే లైటు సంగతి బయటికొత్తాదని నోరు కట్టుకున్నాను. అదమ్మా నా తప్పు. రెండు రాత్రుల్నించి నిద్రలేదు.

ఈ అమ్మీకి తెలిసిపోనాది. నా ఏళ్లు సూసింది, అట్ట సూసింది, ఏటీ అన్లేదు. నా పరువు కోసం తన షాపు ముయ్యడానికి ఒప్పీసుకుంది. నూరు వాట్ల బల్బు నాకు సూపించంది ఈ పిల్ల సూపించింది.

ఒరే ఢిల్లీ, ఏడవకు. సేతులిరుత్తానన్నావు కదా, ఒక సేతికి సూదులున్నాయి, అది వొగ్గీ, ఇదిగో ఈ సెయ్యి. కేసెట్టండమ్మా, కాయితం ఇక్కడికే తెండి, ఏలిముద్ర ఏత్తాను. ఆ కొబ్బరికాయలాయన ఊరేదో సెప్పండి, ఎల్లి కాళ్ల మీద పడతాను. క్యాంపు మాత్రం ఆపకండి. ఇరవై రెండు బళ్లకీ ఎలుతురు గీత కొలవాలంటే ఎనకాల కూకోడానికి ఒక మనిషి కావాల కదా. ఆ తూకం రాయి నానే. పొద్దుట్నించి సాయంత్రం దాకా కూకుంటాను. కూకుని ఎక్కినోడికల్లా సెప్తాను. ముప్పై అయిదు వాట్లు సాల్రా బాబూ, గున్నయ్య నూరేసి సూసీసినాడు అని."